మూన తిరిగేదాకా ఓపిక పట్టాలి

అమెరికా చదువుకు వెళ్ళిన పిల్లలకు మొదటి సెమిస్టరే గడ్డుకాలం

గోదావరి డెల్టాలో సార్వా నాట్లు ముగింపుకు వచ్చే వేళకు పల్లెల్లో ఇంకో హడావుడి మొదలవుతుంది. ఆగస్టు మొదటి పక్షంలో అమెరికా చదువులకు పిల్లలు విమానం ఎక్కుతారు. అక్కడి యూనివర్శిటీల్లో చాలావాటికి ఆగస్టు మూడు, నాలుగు వారాల్లో తరగతులు మొదలవుతాయి. డిసెంబరు రెండు, మూడు వారాలకు మొదటి సెమిస్టరు పరీక్షలు అయిపోతాయి. అంటే ఇక్కడ నాట్లప్పుడు వెళ్ళిన పిల్ల, ఇక్కడ కోతలు, నూర్పిళ్ళు అయ్యేసరికి అక్కడ మొదటి సెమిస్టరు గట్టెక్కుతుందన్నమాట.

నారుమడిలో పీకి నాటిన మొక్క ఆ రోజే నిగనిగలాడుతూ నిలబడదు. కొన్నాళ్ళు వాడుతుంది, పసుపు పచ్చబడుతుంది. కొత్త వేరు పట్టాకనే మూన తిరుగుతుంది. ఈ సంగతి రైతుకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆ రోజుల్లో ఆయన చేలో నీరు సరిగా ఉందా లేదా అని చూసుకుంటాడు గాని, ఎకరానికి ఎన్ని బస్తాలని లెక్క వేయడు. అదే రైతు కొడుకునో కూతురినో అమెరికా పంపిన నెల తిరక్కుండానే "పని దొరికిందా? నెలకు ఎంత మిగులుతోంది?" అని అడుగుతున్నాడు. బ్యాంకు వడ్డీ తరుముతుంటే అడగక తప్పడం లేదనుకోండి. కాని ఈ తొందరే ఎంతోమంది పిల్లల్ని తప్పుదారి పట్టిస్తోంది.

అమెరికాలో చదువుతున్న విదేశీ విద్యార్థుల్లో మన దేశం వారే ఇప్పుడు ఎక్కువ. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడ 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉండగా, 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి చేరింది. వీరిలో తెలుగు పిల్లల వాటా తక్కువేమీ కాదు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా మనవాళ్ళు వీసా కోసం మద్రాసు వెళ్ళి వరుసలో నిలబడేవారు. ఇప్పుడు వీసా దాకా దారి చూపేవారు ప్రతి పట్నంలోనూ బోర్డులు కట్టి కూర్చున్నారు. విమానం దిగిన తర్వాత ఎలా బతకాలో చెప్పేవారు మాత్రం తక్కువ.

డల్లాస్ దగ్గరి చదువుల ఊరు

తెలుగు పిల్లలు ఎక్కువగా చేరే చోట్లలో టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ ప్రాంతం ఒకటి. డల్లాస్‌ను ఆనుకుని ఉత్తరాన రిచర్డ్‌సన్ అనే ఊరుంది. అక్కడే యూనివర్శిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డల్లాస్ ఉంది. 1961లో ముగ్గురు పారిశ్రామికవేత్తలు పరిశోధనా కేంద్రంగా ప్రారంభించిన ఈ సంస్థ 1969లో ప్రభుత్వ యూనివర్శిటీ అయింది. ఇక్కడి మేనేజ్‌మెంట్ కళాశాలకు 2011లో ఒకనాటి విద్యార్థి, మన దేశ పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ పేరు పెట్టారు. ఇక్కడి విదేశీ విద్యార్థుల్లో భారతీయులే ఎక్కువ.

చుట్టుపక్కల ఊళ్ళలో గుళ్ళున్నాయి. మన సరుకులు అమ్మే కొట్లున్నాయి. ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం, టాంటెక్స్, ఉంది. ఇంతమంది మనవాళ్ళు ఉన్నారు కదా, పిల్లవాడికి ఇబ్బంది ఏముంటుందని ఊళ్ళో అనుకోవడం సహజం. తోడు దొరుకుతుంది, నిజమే. కాని తరగతి గదిలో ఎవరి పాట్లు వారివే.

దోహా, దుబాయ్ వంటి చోట్ల విమానం మారి డల్లాస్‌లో దిగిన పిల్లవాడికి మొదట తగిలేది మన రోహిణీ కార్తెను గుర్తు చేసే ఎండ. ఆగస్టులో పగలు 36, 37 డిగ్రీలు అక్కడ మామూలే. అమెరికా అంటే మంచు అనుకుని ఉన్ని కోట్లు మోసుకెళ్ళిన వారు నివ్వెరపోతారు. అలాగని రగ్గు లేకుండా వెళ్ళినా కష్టమే. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలకు పైగా పడిపోయింది. రాష్ట్రంలో కరెంటు సరఫరా దెబ్బతిని లక్షల ఇళ్ళు చీకట్లో, చలిలో గడిపాయి.

రెండో వింత దూరాలు. నాలుగు అడుగులు వేస్తే కిళ్ళీ కొట్టు, ఆరు అడుగులు వేస్తే ఆటో అన్న మాట అక్కడ లేదు. రోడ్లన్నీ కార్ల కోసం వేసినవి. ఉప్పు ప్యాకెట్టు కావాలన్నా బస్సు వేళ చూసుకోవాలి, లేకపోతే కారున్న వాడిని బతిమాలుకోవాలి. 2025 అక్టోబరులో విమానాశ్రయం నుంచి ఈ యూనివర్శిటీ మీదుగా కొత్త రైలు మొదలయ్యాక కొంత వెసులుబాటు కలిగింది.

దిగిన వెంటనే చేయవలసిన పనులు

విద్యార్థి వీసాను ఎఫ్-1 అంటారు. యూనివర్శిటీ ఇచ్చే ఐ-20 అనే కాగితం దానికి ఆధారం. తరగతులు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి మాత్రమే దేశంలోకి రానిస్తారు. రాగానే యూనివర్శిటీలోని ఇంటర్నేషనల్ ఆఫీసులో తాను వచ్చినట్టు నమోదు చేయించుకోవాలి. అక్కడివారు ఆ సంగతిని సెవిస్ అనే ప్రభుత్వ కంప్యూటరు పట్టికలోకి ఎక్కిస్తారు. మన ఊరి భూముల వివరం అడంగల్‌లో ఉన్నట్టు, ప్రతి విదేశీ విద్యార్థి వివరం ఆ పట్టికలో ఉంటుంది. ఏ కోర్సులో ఉన్నాడు, ఎక్కడ ఉంటున్నాడు, చదువు మానేశాడా అన్నవన్నీ అందులోనే. ఇల్లు మారితే పది రోజుల్లోగా కొత్త చిరునామా చెప్పాలి.

ఎం.ఎస్. విద్యార్థి మామూలుగా సెమిస్టరుకు 9 క్రెడిట్లు, అంటే మూడు సబ్జెక్టులు తీసుకోవాలి. కష్టంగా ఉందని ఇంటర్నేషనల్ ఆఫీసుకు చెప్పకుండా ఒకటి వదిలేస్తే వీసా హోదాకే ముప్పు వస్తుంది. ముందుగా వెళ్ళి చెప్పుకుంటే జబ్బు వంటి కారణాలకు అనుమతి ఇచ్చే వీలుంది. చెప్పకుండా చేసిన చిన్న పనే అక్కడ పెద్ద తప్పవుతుంది.

టీకాల కాగితాలు కూడా ముఖ్యమే. 22 ఏళ్ళ లోపు కొత్త విద్యార్థులు మెనింజైటిస్ టీకా వేయించుకుని ఉండాలన్నది టెక్సాస్ చట్టం. ఆరోగ్య బీమా తప్పనిసరి. బీమా సొమ్ము దండగని కొందరు గొణుక్కుంటారు. అక్కడ అంబులెన్సు ఎక్కితే వచ్చే బిల్లు చూశాక ఆ మాట అనరు.

కొత్తవారు మొదటి నెలలో చేసే పని మరొకటుంది. ప్రతి వస్తువు ధరనూ రూపాయల్లోకి మార్చుకోవడం. రెండు డాలర్ల టీ అనగానే 170 రూపాయలకు పైనే అని గుండె గుభేలుమంటుంది. ఆ లెక్క వల్ల కొందరు మధ్యాహ్నం తిండి మానేస్తారు. డాలరు సంగతి ఇంట్లో వారికీ తెలియాలి. 2010లో వెయ్యి డాలర్ల ఫీజుకు 45, 46 వేల రూపాయలు సరిపోయేవి. 2025లో 85 వేలు పైగా కావలసి వచ్చింది. ఫీజు పెరగకపోయినా రూపాయి తగ్గితే అప్పు పెరుగుతుంది. బ్యాంకు మంజూరు చేసిన రుణం చివరి సెమిస్టరుకు చాలకపోవడానికి ఇదొక కారణం.

నలుగురు కలిసిన ఇల్లు

పై తరగతుల పిల్లలు ఎక్కువమంది యూనివర్శిటీ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ముగ్గురు, నలుగురు కలిసి అద్దెకు ఉంటారు. మన దగ్గర నోటిమాట మీద గది ఇస్తారు, నెల ముందు చెప్పి ఖాళీ చేస్తారు. అక్కడ సాధారణంగా ఏడాదికి అగ్రిమెంటు రాయించుకుంటారు. నలుగురూ ఒకే కాగితం మీద సంతకం పెడితే, మధ్యలో ఒకడు వెళ్ళిపోయినా అతని వాటా మిగిలిన ముగ్గురి మీద పడవచ్చు. చదవకుండా సంతకం పెట్టి, తర్వాత తగవులు పడి, పరీక్షల ముందు మాటలు మానుకున్న స్నేహితులు ఎందరో.

వంట దగ్గర ఇంకో పాఠం. ఇళ్ళన్నీ చెక్కతో కట్టినవి. ప్రతి గదిలోనూ పొగ పసిగట్టి మోగే గంట ఉంటుంది. ఎండు మిరపకాయలతో పోపు వేస్తే ఆ గంట మోగిపోతుంది. కొన్ని చోట్ల భవనం మొత్తం ఖాళీ చేయించి ఫైరింజను కూడా వస్తుంది. అందుకే సీనియర్లు కొత్తవారికి మొదట చెప్పేది పోపు వేసే ముందు పొగ లాగే ఫ్యాను వేయమని, కిటికీ తెరవమని.

అమ్మలు పెట్టెల్లో సర్దే వాటిలోనూ జాగ్రత్త కావాలి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి వంటి మాంసం సరుకులు, పచ్చి కరివేపాకు, పళ్ళు అమెరికాలోకి రానివ్వరు. తెచ్చిన తినుబండారాల వివరం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దాచిపెట్టి దొరికితే జరిమానా వేస్తారు. కంది పొడి, మామూలు ఆవకాయ వంటివి బాగా మూత బిగించి తీసుకువెళ్ళేవారే ఎక్కువ.

వంట రాని మగపిల్లలు అక్కడ పడే బాధ ఇంతా అంతా కాదు. వంతులవారీ వంటలో అన్నం, పప్పు, ఒక కూర చేయడం రానివాడు గిన్నెలు తోమే వంతులు మోయాలి. వీసాకు పరుగులు పెట్టే నెలల్లోనే ఇంట్లో పొయ్యి దగ్గర పది రోజులు నిలబడితే, అక్కడ నెలకు వంద డాలర్లకు పైనే మిగిలే అవకాశముంది. బట్టలు ఉతకడం, బాత్రూము కడగడం కూడా ఆ లెక్కలోవే.

రికార్డు చూసి రాస్తే నేరం

చదువు తీరు పూర్తిగా వేరు. మన కాలేజీల్లో ఏడాదంతా ఎలా గడిచినా పరీక్షల ముందు నెల రోజులు రాత్రింబవళ్ళు చదివి గట్టెక్కినవారు ఉన్నారు. అక్కడ ఆ పప్పులు ఉడకవు. మొదటి రోజే ప్రొఫెసరు సిలబస్ కాగితం ఇస్తాడు. ఏ వారం ఏ పాఠం, ఏ తేదీకి ఏ పని ఇవ్వాలి, దేనికి ఎన్ని మార్కులు అన్నవి అందులో ఉంటాయి. రాత్రి 11 గంటల 59 నిమిషాలకు గడువంటే పన్నెండు దాటాక ఇచ్చినదానికి మార్కులు తగ్గుతాయి, లేదా అసలు తీసుకోరు.

పెద్ద ప్రమాదం చూచిరాతతో ఉంది. మన దగ్గర బాగా చదివే స్నేహితుడి రికార్డు తీసుకుని దించుకోవడం ఎవరూ తప్పుగా చూడరు. అక్కడ ఇద్దరి జవాబులు ఒకేలా ఉన్నా, పుస్తకంలో మాటలు ఎవరివో చెప్పకుండా వాడుకున్నా విచారణకు పిలుస్తారు. రాసినవాడితో పాటు చూపించినవాడూ దోషే. పోలికలు పట్టే కంప్యూటరు కార్యక్రమాలున్నాయి. ప్రొఫెసరు అనుమతి లేకుండా ఏఐ చేత రాయించి తన రాతగా ఇచ్చినా అదే గతి పడుతుంది. సున్నా మార్కులతో పోవచ్చు, యూనివర్శిటీ నుంచి పంపేయవచ్చు. పంపేస్తే వీసా హోదా కూడా పోతుంది. ఊళ్ళో అందరూ చేసే పనికి అంత శిక్ష ఏమిటని అప్పుడు ఏడిస్తే లాభం ఉండదు.

మార్కులను నాలుగు పాయింట్ల లెక్కలో వేస్తారు. ఎం.ఎస్. వారు చాలా చోట్ల సగటున 3 పాయింట్లు నిలుపుకోవాలి. అంతకు తగ్గితే హెచ్చరిక ఇస్తారు. ఆ తర్వాత కూడా మెరుగుపడకపోతే ఇంటికి పంపుతారు. ఇక్కడ ఫస్టు క్లాసులో పాసైన పిల్లలు సైతం మొదటి సెమిస్టరులో తడబడటం మామూలే. మాట్లాడే ఇంగ్లీషు వేగం, యాస చెవికి పట్టడానికే నెల పడుతుంది.

ఇందుకు మందు కూడా అక్కడే ఉంది. ప్రతి ప్రొఫెసరు వారంలో కొన్ని గంటలు విద్యార్థుల సందేహాల కోసమే తన గదిలో కూర్చుంటాడు. దీన్ని ఆఫీసు అవర్స్ అంటారు. మనవాళ్ళు మాత్రం మాస్టారి గదికి వెళ్ళాలంటే తప్పు చేసినవాడిలా జంకుతారు. ఇంగ్లీషులో రాత దిద్ది చూపే కేంద్రం ఉంటుంది. ఉద్యోగ దరఖాస్తు రాయడం నేర్పే ఆఫీసు ఉంటుంది. ఇవన్నీ కట్టిన ఫీజులో భాగమే. వాడుకున్నా వాడుకోకపోయినా ఆ సొమ్ము పోయినట్టే. గోదావరి కాలువ పక్కన చేను పెట్టుకుని నీరు పెట్టుకోకుండా ఊరుకునే రైతు ఉంటాడా?

పని చేయవచ్చు, కాని...

ఊళ్ళో ఎక్కువ అపోహ ఉన్నది ఇక్కడే. ఎఫ్-1 విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ యూనివర్శిటీ ప్రాంగణంలోనే పని చేయవచ్చు. సెలవుల్లో గంటలు పెంచుకోవచ్చు. లైబ్రరీ, భోజనశాల, ల్యాబు వంటి చోట్ల ఈ పనులు దొరుకుతాయి. ఉన్న పనులు కొన్ని, అడిగేవారు వందలు. మొదటి సెమిస్టరులో దొరకడం కష్టం. పని దొరికితేనే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇస్తారు. దొరికినా ఆ జీతం తిండికీ, బస్సుకూ, ఫోనుకూ సాయపడుతుంది గాని, సెమిస్టరు ఫీజు కట్టేటంత రాదు.

ప్రాంగణం బయట పని మొదటి విద్యా సంవత్సరంలో కుదరదు. ఆ తర్వాత కూడా చదువుకు సంబంధించిన పని, అనుమతి తీసుకున్నాకే చేయాలి. చదువు ముగిశాక ఓపీటీ పేరుతో 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగు చదివినవారికి మరో 24 నెలలు ఉద్యోగం చేసే వీలుంది. ఆ తర్వాత కావలసిన హెచ్-1బి వీసాలు ఏటా 85 వేలే. అడిగేవారు అంతకు ఎన్నో రెట్లు. కనుక డిగ్రీ చేతికి రాగానే స్థిర ఉద్యోగం ఖాయమని అప్పు ఇచ్చేవారికి మాట ఇవ్వడం మంచిది కాదు.

ఈ నిబంధన తెలిసి కూడా కొందరు పిల్లలు పెట్రోలు బంకుల్లో, కొట్లలో, హోటళ్ళలో దొంగచాటుగా పనిచేస్తారు. జీతం చేతికి నోట్ల రూపంలో ఇస్తారు. ఎక్కువ మంది సోమరితనంతోనో దురాశతోనో కాదు, ఇంటి మీద అప్పు తగ్గిద్దామనే చేస్తారు. యజమాని జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి జంకుతారు. రాత్రి డ్యూటీలో దొంగల తుపాకులకు బలైన తెలుగు పిల్లల కబుర్లు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. పట్టుబడితే చదువు సగంలో ఆగి, అప్పు మాత్రం పూర్తిగా మిగులుతుంది.

అడ్డదారి యూనివర్శిటీల కథలు రెండు ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్శిటీని అధికారులు మూయించారు. తరగతులకు వెళ్ళకుండా వీసా నిలుపుకునే ఏర్పాటు అక్కడ సాగిందని తేలింది. చేరినవారిలో అత్యధికులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్ళకు కదలికలు కనిపెట్టే పట్టీలు తగిలించారు. ఆ సంస్థ అధినేత్రికి 2014లో జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్శిటీ సంగతి బయటపడింది. అది అసలు యూనివర్శిటీయే కాదు, అధికారులే వల పన్నడానికి పెట్టిన బోర్డు. తొలి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారు చాలామంది. తరగతులు లేకుండా పని చేసుకోవచ్చని ఎవరైనా చెబితే అది వల అని అనుకోవాలి.

చిన్న కేసులను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు రద్దయ్యాయి. వారిలో ట్రాఫిక్ వంటి చిన్న కేసులున్నవారు కూడా ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెలాఖరుకు పునరుద్ధరించారు. అయినా ఆ నెల రోజులు పిల్లలు, తల్లిదండ్రులు అనుభవించిన భయం మాటల్లో చెప్పలేనిది.

భీమవరం బిడ్డ పడ్డ పాట్లు

పరాయి దేశంలో చదువు కష్టాలు నిన్న మొన్నటివి కావు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో మామగారి సాయంతో అమెరికాలోని హార్వర్డ్ చేరారు. అక్కడ బతుకుతెరువుకు ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పని చేస్తూ పగలు చదువుకున్నారు. 1930లో డాక్టరేటు పొందారు.

ఆయన బృందం కనుగొన్న మందుల్లో బోదకాలు నివారణకు వాడే డీఈసీ మాత్ర ఒకటి. గోదావరి జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. క్యాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ తయారీలోనూ ఆయన పాత్ర ఉంది. మళ్ళీ స్వదేశం చూడకుండానే 1948లో ఆయన అమెరికాలో కన్నుమూశారు.

ఆయన కథ చెప్పి, రాత్రిపని చేస్తే తప్పేమిటని అడిగేవారుంటారు. ఆనాటి చట్టాలు వేరు, నేటి వీసా నిబంధనలు వేరు. ఆయన నుంచి నేర్చుకోవలసింది పట్టుదల. మొదటి ఏడాదే ఫలితం కనిపించకపోయినా చదువును వదలకపోవడం.

ఫోనులో చెప్పని మాటలు

ఒకప్పుడు అమెరికా ఉత్తరం రావడానికి పది, పదిహేను రోజులు పట్టేది. ఇప్పుడు రోజూ మొహం చూసుకుని మాట్లాడుకోవచ్చు. అయినా పిల్లల మనసులో మాట తెలియడం లేదు. అమ్మ కంగారు పడుతుందని పిల్లలు బాధ దాస్తారు. పిల్లవాడు భయపడతాడని నాన్న వడ్డీ సంగతి దాస్తాడు. ఇద్దరూ "అంతా బాగుంది" అనుకుని ఫోను పెట్టేస్తారు.

తెలియని ఊళ్ళో, తెలుగు మాట వినపడని తరగతిలో, దసరా, దీపావళి పండగలకు ఒంటరిగా ఉన్నప్పుడు దిగులు కమ్ముతుంది. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, తరగతులకు వెళ్ళకపోవడం, ఫోను ఎత్తకపోవడం దీని గుర్తులు. యూనివర్శిటీలో ఇందుకోసం సలహా కేంద్రం ఉంటుంది. అక్కడ చెప్పిన మాట గోప్యంగా ఉంచుతారు. అక్కడికి వెళ్ళడమంటే పిచ్చి పట్టినట్టు కాదు. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టే. 2022 జూలై నుంచి అమెరికా అంతటా 988 నంబరుకు ఫోను చేస్తే, మనసు చితికిపోయినవారితో ఏ వేళనైనా మాట్లాడేవారున్నారు. ప్రాణాపాయం, మంటలు, దొంగలు వంటివాటికి 911.

తిండికి ఇబ్బంది పడే విద్యార్థుల కోసం అనేక యూనివర్శిటీల్లో ఉచిత సరుకుల గది ఉంది. రిచర్డ్‌సన్‌లోని యూనివర్శిటీలో దాన్ని కామెట్ కప్‌బోర్డ్ అంటారు. డబ్బాలు, ధాన్యాలు, సబ్బుల వంటివి అక్కడ దొరుకుతాయి. ఇది దానం కదా, మన పరువేం కావాలని కొందరు వెళ్ళరు. పస్తుండి పాఠం వినడంలో పరువేమీ లేదు.

తెలుగు తోడు మేలు చేస్తుంది. అదే హద్దు మీరితే కీడు కూడా చేస్తుంది. నలుగురూ తెలుగులోనే మాట్లాడుకుంటూ, తెలుగు కొట్టుకే వెళుతూ, ఏడాది గడిచినా ఇంగ్లీషులో నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడలేనివారున్నారు. సీనియర్లు చెప్పే మాటల్లో నిజాలూ ఉంటాయి, పుకార్లూ ఉంటాయి. "అన్నయ్య చెప్పాడు" అన్నది వీసా విషయంలో సాక్ష్యం కాదు. ఇంటర్నేషనల్ ఆఫీసును అడిగి తెలుసుకున్నదే ఖరారు.

ఆపద వచ్చినప్పుడు డల్లాస్ ప్రాంతం వారు హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌ను ఆశ్రయించవచ్చు. 2015లో మన విదేశాంగ శాఖ పెట్టిన మదద్ అనే ఏర్పాటులో విద్యార్థులు పేరు నమోదు చేసుకునే వీలుంది. ఆ పని వెళ్ళిన మొదటి నెలలోనే చేసుకుంటే అవసరానికి పనికొస్తుంది. 1977లో తొలి మహాసభ జరుపుకున్న తానాతో పాటు ఇతర తెలుగు సంఘాలు కూడా కష్టంలో ఉన్న విద్యార్థులకు చేయూత ఇస్తున్నాయి.

ఇంటివారు చేయవలసినది

ముందుగా వేళలు తెలుసుకోవాలి. ఆగస్టులో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ మధ్యాహ్నం భోజనం చేసి రెండింటికి ఫోను చేస్తే అక్కడ తెల్లవారుజాము మూడున్నర. ఇక్కడ ఉదయం ఏడింటికి చేస్తే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, అది అనువైన సమయం. నవంబరు మొదటి ఆదివారం అక్కడి గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి తేడా పదకొండున్నర గంటలు. వారానికి ఒకటి రెండు రోజులు తీరిగ్గా మాట్లాడటం మేలు. రోజుకు నాలుగుసార్లు చేసి చదువు చెడగొట్టడం మంచిది కాదు.

రెండోది డబ్బు. మొదటి సెమిస్టరు ఫీజుతో పాటు కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని పంపాలి. "అక్కడికి వెళ్ళాక చూసుకుంటాడులే" అన్న లెక్క మీద పొలం తాకట్టు పెట్టకూడదు. చదువు సాగే కాలంలో వడ్డీ ఎవరు కడతారో, ఎంత కడతారో ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితాన్ని పిల్లవాడికి కూడా చూపించాలి. నిజం తెలిసిన పిల్లవాడు పొదుపు చేస్తాడు. అరకొరగా తెలిసినవాడు భయపడతాడు.

మూడోది మాట. ఎదురింటి వారి అబ్బాయి కారు కొన్నాడట, పక్క వీధి అమ్మాయి ఇంటికి డబ్బు పంపిందట అన్న కబుర్లు ఫోనులో ఎత్తకపోవడమే మేలు. వారు వెళ్ళి ఎన్నేళ్ళయిందో, ఎలా సంపాదించారో ఇక్కడివారికి తెలియదు. దానికి బదులు, ఈ వారం ఏ పని ఇచ్చారు, ప్రొఫెసరు గదికి వెళ్ళావా, ఏం వండుకున్నావు, నిద్ర పడుతోందా, ఇంటర్నేషనల్ ఆఫీసులో నీకు తెలిసినవాళ్ళు ఎవరు అని అడగాలి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే పిల్లవాడు నిలదొక్కుకుంటున్నట్టే. తడబడితే కోప్పడకుండా ఇంకాస్త సేపు మాట్లాడాలి.

తల్లిదండ్రులు ఇంటర్ వరకే చదివి ఉండవచ్చు, అసలు చదివి ఉండకపోవచ్చు. ఈ ప్రశ్నలు అడగడానికి ఇంగ్లీషు అక్కరలేదు. పిల్లల యూనివర్శిటీ పేరు, ఇంటి చిరునామా, గదిలో ఉండే ఇద్దరి ఫోను నంబర్లు, ఇంటర్నేషనల్ ఆఫీసు నంబరు ఒక కాగితం మీద రాయించుకుని బీరువాలో పట్టా కాగితాల పక్కన పెట్టుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, ఐ-20 నకళ్ళు కూడా అక్కడే ఉండాలి. అర్ధరాత్రి అవసరం పడితే పనికొచ్చేవి అవే.

డిసెంబరు చివరలో మొదటి సెమిస్టరు మార్కులు వస్తాయి. మూడు సబ్జెక్టుల్లో ఒకదానిలో తక్కువ వచ్చినా కంగారు పడనక్కర లేదు. సంక్రాంతి తిరగ్గానే రెండో సెమిస్టరు తరగతులు మొదలవుతాయి. అప్పటికి బస్సు దారులు తెలుస్తాయి, యాస చెవికి పడుతుంది, పోపు వేసినా గంట మోగకుండా వండటం వస్తుంది. మొదటి నాలుగు నెలలు తప్పుదారి పట్టకుండా గడిపినవారికి ఆ తర్వాత దారి కనిపిస్తుంది. ఆ నాలుగు నెలలూ సంపాదన మాట ఎత్తకుండా ఉండగలిగితే, ఇంటివారు చేసిన సాయం అంతకు మించి మరొకటి లేదు.